1.95 మీటర్ల సందులోకి ఏ లోడర్? ఒక సైటు కేస్ స్టడీ

సైటు ఇలా ఉంది. మూడు వైపులా జనం కాపురం ఉంటున్న పాత భవనం. నాలుగో వైపు ప్రహరీ గోడ. మధ్యలో ఖాళీ స్థలం. ఆ ఖాళీలో ఒక అంతస్తు నేల కింద ఉండేలా కొత్త బ్లాకు కట్టాలి. లోపలికి వెళ్లడానికి ఒకే దారి: భవనానికీ ప్రహరీకీ మధ్య 40 మీటర్ల పొడవున్న సందు. వీధి వైపు చిన్న ముంగిలి ఉంది, అందులో ఈమధ్యే ఇంటర్‌లాకింగ్ టైల్స్ పరిచారు. వాటికి దెబ్బ తగలకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు.

తవ్వకానికి మినీ ఎక్స్‌కవేటర్ ఎలాగూ వస్తోంది. తవ్విన మట్టిని వీధి దాకా మోయడం, పాత కాంక్రీటు నేలను పగలగొట్టి ముక్కలు ఎత్తేయడం, బ్లాకుల ప్యాలెట్లు లోపలికి చేర్చడం, కంకర పరచడం, చివర్లో కంచె స్తంభాలకు గుంతలు తీయడం: వీటన్నిటికీ కలిపి ఒక చిన్న లోడర్ అద్దెకు తీసుకోవాలని కాంట్రాక్టర్ ఆలోచన. ఏది తీసుకోవాలో తేల్చమని నన్ను పిలిచారు. సైట్లకు మెషిన్లు ఎంపిక చేసి పెట్టడమే నా పని.

వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్ అయితే సరిపోతుంది సార్?" అని. దాదాపు ప్రతి సైటులో ఇదే అడుగుతారు. చిన్న లోడర్ల విషయంలో హార్స్‌పవర్ చివర్లో చూసుకునే సంగతి. సైటులో మనం మార్చలేనివి ఏవి, ఫోన్ చేసి మార్పించగలిగేవి ఏవి అని రెండు కాగితాల మీద విడివిడిగా రాసుకోవాలి. మెషిన్‌ను మొదటి కాగితం చూసి ఎంచుకోవాలి. రెండో కాగితంలో ఉన్నవాటిని ఆ మెషిన్‌కు తగ్గట్టు సర్దుకోవాలి. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. నెలకోసారి వచ్చే ఒక పెద్ద బరువు కోసం సందులో పట్టని మెషిన్ తెచ్చుకుంటారు.

టేపు పెట్టి చూస్తే

డ్రాయింగులో సందు వెడల్పు 2.1 మీటర్లు. టేపు పెడితే చాలావరకు అంతే ఉంది. కానీ ఒకచోట గోడ మీద నుంచి వాన నీటి పైపు దిగుతోంది, దాని మొదట్లో ఇటుకలతో కట్టిన చిన్న గూడు ఉంది. అక్కడ 1.95 మీటర్లే. ప్రవేశం దగ్గర భవనాన్నీ గోడనూ కలుపుతూ ఒక బీము ఉంది, దాని కింద ఎత్తు 2.25 మీటర్లు. పైపును జరపవచ్చా అని అడిగాం. జరిపితే పైన అయిదు ఇళ్ల నీటి దారి మళ్లించాలి. బీము సంగతి అడగక్కర్లేదు. రెండూ మొదటి కాగితంలోకి వెళ్లాయి.

కాంట్రాక్టర్ దగ్గర సొంత బ్యాక్‌హో లోడర్ (ముందు బకెట్, వెనక తవ్వే చేయి ఉన్న పెద్ద మెషిన్) ఉంది, అదే వాడేద్దామని ఆయన మనసులో ఉంది. ఆ తరగతి మెషిన్ల వెడల్పు సుమారు రెండుంబావు మీటర్లు, క్యాబిన్ ఎత్తు రెండున్నర మీటర్లు దాటుతుంది. టేపు చుట్టేలోపే ఆ చర్చ ముగిసింది.

వెడల్పు అంటే బ్రోచర్‌లో రెండు మూడు అంకెలు ఉంటాయి: టైర్లు లేదా ట్రాకుల (టైర్ల బదులు ఉండే పట్టాల) మీద వెడల్పు, బకెట్‌తో వెడల్పు. బకెట్ ఎప్పుడూ చక్రాల కంటే కాస్త వెడల్పుగానే ఉండాలి, లేకపోతే అది చెక్కిన దారిలో చక్రాలు పట్టవు. కాబట్టి లెక్కలోకి వచ్చేది బకెట్ వెడల్పు. దానికి రెండు వైపులా కనీసం పది సెంటీమీటర్ల చొప్పున వదులు ఉంచితే మనకు మిగిలేది 1.75. ఎత్తు విషయంలో బ్రోచర్ చెప్పేది క్యాబిన్ పైకప్పు దాకానే. దాని మీద తిరిగే హెచ్చరిక లైటు ఒకటి బిగించి ఇస్తారు, అది మరో పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది. బీము కింద మొదటిరోజే పగిలేది అదే. మడిచే రకం లైటు కావాలని అద్దె కంపెనీకి ముందే చెప్పాం.

ఇంత ఇరుకులో పనిచేయడానికే స్కిడ్ స్టీర్ లోడర్ (రెండు వైపుల చక్రాలను వేర్వేరుగా తిప్పి మళ్లించే చిన్న లోడర్) పుట్టిందని కొందరికి తెలియదు. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో సిరిల్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు దాని తొలిరూపం తయారుచేశారు. టర్కీ కోళ్లు పెంచే ఒక రైతు తన షెడ్డులో స్తంభాల మధ్య తిరుగుతూ చెత్త ఎత్తే చిన్న యంత్రం కావాలన్నాడు, అందుకోసం. అప్పటికి దానికి మూడే చక్రాలు. ఒక వైపు చక్రాన్ని ముందుకు, రెండో వైపు చక్రాన్ని వెనక్కి తిప్పితే ఉన్నచోటే తిరిగేది. నాలుగు చక్రాల మోడల్ 1960లో వచ్చింది. ఈ రోజు మనం చూసే మెషిన్ల వెనక ఉన్న ఆలోచన ఇప్పటికీ అదే: తిరగడానికి తన పొడవు కంటే పెద్దగా చోటు అడగకూడదు.

రెండు కెపాసిటీలు, ఒకే పేరు

వెడల్పు తేలాక పోటీలో మూడు మిగిలాయి. టైర్ల స్కిడ్ స్టీర్, రబ్బరు ట్రాకుల లోడర్, మధ్యలో మడిచి తిరిగే ఆర్టిక్యులేటెడ్ వీల్ లోడర్. మూడింటి బ్రోచర్లు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఇంజినీర్ కుర్రాడు పట్టిక గీశాడు. టైర్ల మెషిన్ ఎత్తే బరువు 800 కిలోలు, ట్రాకుల మెషిన్‌ది 860. "అరవై కిలోల తేడాకి ఎనిమిది వందల కిలోల బరువు ఎక్కువున్న మెషిన్ ఎందుకు సార్?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

ఈ అంకెను రేటెడ్ ఆపరేటింగ్ కెపాసిటీ అంటారు. అది టిప్పింగ్ లోడ్ నుంచి వస్తుంది. టిప్పింగ్ లోడ్ అంటే మెషిన్ వెనక భాగం నేల నుంచి లేచిపోయి ముందుకు వాలే బరువు. అందులో కొంత శాతాన్నే ఎత్తడానికి అనుమతిస్తారు. టైర్ల స్కిడ్ స్టీర్‌కు ఆ శాతం 50. ట్రాకుల మెషిన్‌కు 35. అంటే 800 కిలోల టైర్ల మెషిన్ టిప్పింగ్ లోడ్ 1,600 కిలోలు. 860 కిలోల ట్రాకుల మెషిన్‌ది సుమారు 2,450. కాగితం మీద దగ్గర దగ్గరగా కనిపించే రెండు మెషిన్ల మధ్య స్థిరత్వంలో సగానికి సగం తేడా ఉంది. కొందరు తయారీదారులు ట్రాకుల మెషిన్‌కు 35 శాతం అంకె పక్కనే 50 శాతం అంకె కూడా అచ్చు వేస్తారు. ఏది ఏ మెషిన్‌తో పోలుస్తున్నామో చూసుకోకపోతే పట్టిక అంతా తప్పుదోవ పడుతుంది.

ఆర్టిక్యులేటెడ్ లోడర్‌ది మరో కథ. అది మడిచి తిరుగుతుంది కాబట్టి నిటారుగా ఉన్నప్పుడు ఒక టిప్పింగ్ లోడ్, పూర్తిగా మడిచినప్పుడు అంతకంటే తక్కువ. పోల్చాల్సింది రెండోదాన్నే. పైగా యూరప్ ప్రమాణం ఈఎన్ 474-3 ప్రకారం దానికి ప్యాలెట్ ఫోర్క్ (ప్యాలెట్ కిందికి దూర్చి ఎత్తే రెండు ఇనుప వేళ్లు) తగిలిస్తే, చదునైన గట్టి నేల మీద టిప్పింగ్ లోడ్‌లో 80 శాతం, ఎగుడుదిగుడు నేల మీద 60 శాతం దాకా ఎత్తవచ్చు. ఒకే మెషిన్, నేలను బట్టి రెండు కెపాసిటీలు. ఈ మాట తర్వాత పనికొచ్చింది.

ఇక మా ప్యాలెట్ బరువు ఎంత? బ్లాకుల సరఫరాదారు ఏడు వరసలు పేర్చి పంపుతాడు. వరసకు 160 కిలోలు, చెక్క ప్యాలెట్ 30 కిలోలు, మొత్తం 1,150. టేబుల్ మీదున్న రెండు స్కిడ్ స్టీర్ తరహా మెషిన్లకూ ఇది రేటింగ్ దాటిన బరువే. ట్రాకుల మెషిన్ నిజానికి ఎత్తుతుంది, 2,450 దాకా పడిపోదు కదా అని సూపర్‌వైజర్ వాదన. నేను ఒప్పుకోలేదు. టిప్పింగ్ లోడ్ కొలిచేది గట్టి చదును నేల మీద, కదలకుండా నిలబెట్టి. మన మెషిన్ గుంతలో పడి లేస్తుంది, బ్రేకు వేస్తుంది, ఏటవాలు ఎక్కుతుంది. ఆపైన ఫోర్క్ మీద బరువు మధ్యబిందువు బకెట్‌లో కంటే ముందుకు ఉంటుంది. ఫోర్క్ మడమ (వేళ్లు మొదలయ్యే మూల) నుంచి అరమీటరు దూరంలో ఉన్న బరువుకు బకెట్ రేటింగ్ నేరుగా వర్తించదు. ఫోర్క్‌కు విడిగా ఇచ్చిన పట్టిక చూడాలి.

1,150 కిలోలు నియమం ప్రకారం ఎత్తాలంటే ఇంకో సైజు పెద్ద మెషిన్ కావాలి. అది 1.75లో పట్టదు. ఇక్కడే రెండో కాగితం బయటికి తీశాం. ప్యాలెట్‌లో ఎన్ని వరసలు ఉండాలనేది ప్రకృతి ధర్మం ఏమీ కాదు. సరఫరాదారుకు ఫోన్ చేసి నాలుగు వరసలే పేర్చమన్నాం. 670 కిలోలు. మొదట గొణిగాడు, లారీలో ఎక్కువ ప్యాలెట్లు పెట్టాల్సి వస్తుందని. చివరికి ఒప్పుకున్నాడు. ఒక్క ఫోన్‌తో మెషిన్ సైజు తగ్గింది.

అడుగు నేల చెప్పిన మాట

సైజు తేలింది, ఇక టైర్లా ట్రాకులా. దీనికి నేను వాడే పద్ధతి సులువు: మెషిన్ రోజులో ఎక్కువ గంటలు ఏ నేల మీద తిరుగుతుందో ఆ నేలే నిర్ణయిస్తుంది. కాంక్రీటు, తారు, పదునైన రాళ్లు అయితే టైర్లు. తడి మట్టి, వదులు నేల అయితే ట్రాకులు. మా సైటులో పాత కాంక్రీటు తీసేశాక కింద ఉన్నది బంకమన్ను. వాన పడితే చెప్పు ఊడిపోయేంత.

లెక్క కూడా వేసి చూశాం. ట్రాకుల మెషిన్ బరువు 3,700 కిలోలు. ట్రాకు వెడల్పు 320 మిల్లీమీటర్లు, నేలకు ఆనే పొడవు సుమారు 1.4 మీటర్లు. రెండు ట్రాకులూ కలిపి 0.9 చదరపు మీటర్లు. నేల మీద ఒత్తిడి దాదాపు 40 కిలోపాస్కల్. టైర్ల మెషిన్ 2,900 కిలోలే, కానీ నాలుగు టైర్లు నేలను తాకే చోటంతా కలిపినా 0.14 చదరపు మీటర్లు మించదు. దాని ఒత్తిడి 200 దగ్గర తేలింది. తేలికైన మెషిన్ అయిదు రెట్లు గట్టిగా నొక్కుతోందన్నమాట. 40 అనేది సగటు అని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఈ మెషిన్ల బరువు ఎక్కువగా వెనక, ఇంజిన్ వైపు ఉంటుంది. బకెట్ నిండగానే అది ముందుకు మారిపోతుంది. అప్పుడు ట్రాకు ముందు అంచు కింద ఒత్తిడి సగటును చాలా దాటుతుంది.

టైర్ల మీద తొడిగే ఇనుప ట్రాకుల మాట కూడా వచ్చింది. అవి ముంగిట్లోని టైల్స్‌ను ఒక్క పూటలో పిండి చేస్తాయి. అక్కడితో వదిలేశాం.

రబ్బరు ట్రాకులకు లోపం లేదని కాదు. సాధారణంగా 1,200 నుంచి 1,600 గంటలు వస్తాయంటారు. పగిలిన కాంక్రీటు ముక్కల మీద గిరగిరా తిప్పే ఆపరేటర్ చేతిలో అందులో సగం కూడా రావు. అద్దె ఒప్పందంలో ట్రాకు కోతలకు ఎవరు బాధ్యులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివి, మెషిన్ వచ్చిన రోజే రెండు ట్రాకుల చుట్టూ ఫోటోలు తీసి, ట్రాకు గళ్ల (నేలను పట్టే రబ్బరు దిమ్మెల) ఎత్తు కొలిచి ఇద్దరూ సంతకం చేశాం.

సంపు పైకప్పు

సందు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఎడమ వైపు నేల కింద పాత నీటి సంపు ఉంది. దాని స్లాబు నేలతో సమంగా ఉండటంతో కొత్తవాళ్లకు కనిపించదు. లోడర్ సహజంగా వెళ్లే దారి సరిగ్గా దాని మీదుగానే.

"ట్రాకుల మెషిన్ ఒత్తిడి మనిషి అడుగంత కూడా ఉండదంటారు కదా, స్లాబుకేం కాదు" అన్నారొకరు. ఈ అపోహ చాలా చోట్ల వింటాను. నేల మీద ఒత్తిడి అనేది మట్టి దిగబడుతుందా లేదా అనే ప్రశ్నకు జవాబు. గోడ నుంచి గోడకు వేసిన స్లాబుకు కావలసింది వేరు: దాని మీద మొత్తం ఎంత బరువు, ఎక్కడ నిలబడింది, గోడల మధ్య దూరం ఎంత. మెషిన్ 3,700, బకెట్‌లో మట్టి 600, ఆపరేటర్: నాలుగున్నర టన్నుల దాకా ఒకేసారి స్లాబు మీదికి వస్తుంది, పైగా కదులుతూ, కుదుపులతో. స్ట్రక్చరల్ ఇంజినీర్ పాత డ్రాయింగు చూసి వద్దన్నారు. ఇనుప ప్లేటు పరుద్దామా అని అడిగారు. ప్లేటు స్లాబు మీదే ఆనితే బరువు కాస్త చోటు మారుతుంది తప్ప తగ్గదు. ఉక్కు దూలాలు వేసి, వాటి కొసలు సంపు గోడలకు అవతల గట్టి నేల మీద ఆనేలా చేస్తేనే ఉపయోగం. అంత ఖర్చు అక్కర్లేదని, సంపు చుట్టూ గట్టి అడ్డం కట్టి దారిని కుడికి జరిపాం. లోడర్ తిరిగే చోటు ఇంకాస్త తగ్గింది. ఆర్టిక్యులేటెడ్ లోడర్ ఇక్కడ వెనకబడింది. సందు చివర లంబకోణంలో తిరగాలి, ఒక పక్క సంపు, ఇంకో పక్క తవ్వకం అంచు. దానికి కావలసిన వంపు అక్కడ దొరకదు.

మట్టి లెక్క, డబ్బాల లెక్క

తవ్వాల్సింది నేలలో ఉన్నప్పుడు 320 ఘనమీటర్లు. బంకమన్ను తవ్వి తీశాక ఉబ్బుతుంది. 30 శాతం వేసుకుంటే సుమారు 420. వదులుగా ఉన్న తడి మట్టి ఘనమీటరుకు 1,600 కిలోలు అనుకుందాం. 0.4 ఘనమీటర్ల బకెట్‌లో ప్రతిసారీ 0.38 వచ్చినా 600 కిలోలు. 860 రేటింగ్‌లో హాయిగా ఉంది. ఇంకా పెద్ద బకెట్ అడుగుదామన్న మాట వచ్చింది, కానీ మెషిన్‌తో వచ్చే బకెట్ కంటే పెద్దది తగిలిస్తే దాని అదనపు బరువు కూడా రేటింగ్‌లోంచే పోతుంది. తడి బంకమన్ను సగం బకెట్‌కు అంటుకుపోయే సైటులో ఆ ఆలోచన వద్దనుకున్నాం.

తవ్వకం నుంచి ముంగిలి దాకా 60 మీటర్లు, రానూపోనూ 120. సందులో మనిషి నడక వేగమే అనుమతించాం. ప్రయాణానికి ఒకటిన్నర నిమిషం, నింపడానికి, వంపడానికి, మలుపులకు ఇంకో ఒకటిన్నర. ఒక విడత మూడు నిమిషాలు, గంటకు 20 విడతలు, ఏడున్నర ఘనమీటర్లు. మొత్తం మట్టికి 55 గంటలకు పైనే.

అసలు చిక్కు ఈ 55 గంటలు కాదు. పది ఘనమీటర్ల టిప్పర్ నిండాలంటే 26 బకెట్లు, అంటే గంటా ఇరవై నిమిషాలు. అంతసేపు ఇరుకు వీధిలో టిప్పర్ నిలబడాలి. ముందు ముంగిట్లో కుప్ప పోసి, తర్వాత టిప్పర్ వచ్చినప్పుడు ఎత్తవచ్చు. అప్పుడు పావుగంట చాలు. కానీ అదే మట్టిని రెండుసార్లు ఎత్తాలి, టైల్స్ మీద కుప్ప పోయాలి. టిప్పర్ అంచు ఎత్తు కూడా ఆలోచించాలి. చిన్న లోడర్ చేతులు రెండు రకాలుగా లేస్తాయి. రేడియల్ రకం వృత్తంలో లేస్తుంది, నడి ఎత్తులో బాగా ముందుకు చాచి, పైకి వెళ్లేకొద్దీ మెషిన్ వైపు వెనక్కి వస్తుంది. వర్టికల్ రకం దాదాపు నిటారుగా లేచి, పైన కూడా ముందుకు చాచే ఉంటుంది. టిప్పర్ మధ్యలోకి వంపాలంటే వర్టికల్ కావాలి. మాకు పట్టే వెడల్పులో అద్దెకు దొరికిన ట్రాకుల మెషిన్ రేడియల్.

ఈసారి కూడా సర్దుకున్నది మెషిన్ కాదు, ఏర్పాటు. టిప్పర్ బదులు దించి వెళ్లే ఇనుప డబ్బాలు పెట్టించాం. అంచు ఎత్తు మీటరున్నర లోపు. రేడియల్ చేతులు బాగా చాచేది దాదాపు ఆ ఎత్తులోనే. లోడర్ తన తీరికలో నింపుతుంది, ట్రక్కు వచ్చి నిండిన డబ్బా ఎత్తుకుని ఖాళీది దించిపోతుంది. వీధిలో ఎవరూ ఎవరికోసం ఎదురుచూడక్కర్లేదు. రేడియల్ మెషిన్‌లో కీళ్లు, పిన్నులు తక్కువ. గ్రీజు పెట్టే చోట్లు కూడా తక్కువ. బురద సైటులో అదొక సుఖం.

హై ఫ్లో అక్కర్లేదని ఎలా తేలింది

అద్దె కంపెనీ ప్రతినిధి హై ఫ్లో, అంటే పనిముట్లకు మామూలు కంటే ఎక్కువ హైడ్రాలిక్ ఆయిల్ పంపే ఏర్పాటు ఉన్న మోడల్ ఇస్తానన్నాడు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ వాడతారు కదా, అదే మంచిదని. హైడ్రాలిక్ శక్తిని తేలిగ్గా లెక్కకట్టవచ్చు: నిమిషానికి పారే ఆయిల్ లీటర్లను దాని పీడనంతో (బార్‌లలో) గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. మామూలు ఫ్లో నిమిషానికి 75 లీటర్లు, 210 బార్ అయితే 26 కిలోవాట్లు. హై ఫ్లో 115 లీటర్లు అయితే 40. మెషిన్ ఇంజినే 49 కిలోవాట్లు. పనిముట్టు పూర్తి శక్తితో లాగుతుంటే ట్రాకులకు మిగిలేది చాలా తక్కువ. తారు చెక్కే ప్లేనర్, చెట్టు మొద్దులను పొడి చేసే మల్చర్ లాంటివాటికి హై ఫ్లో తప్పదు, వాటి మోటార్లకు కేస్ డ్రెయిన్ అనే మూడో పైపు కూడా కావాలి. ఈ తరగతి బ్రేకర్లు చాలావరకు మామూలు ఫ్లోతోనే నడుస్తాయి. దాని పరిమితి కంటే ఎక్కువ ఆయిల్ తోస్తే దెబ్బలు పెరగవు, బ్రేకరే వేడెక్కి పాడవుతుంది.

అసలు లోడర్‌కు బ్రేకర్ తగిలించడమే ఇక్కడ అనవసరమని నా అభిప్రాయం. లోడర్ సీట్లోంచి ఉలి మొన సరిగా కనిపించదు. అక్కడే ఉన్న మినీ ఎక్స్‌కవేటర్ చేయి చివర తగిలిస్తే ఆపరేటర్ దూరంగా కూర్చుని, చూసుకుంటూ కొడతాడు. బ్రేకర్ దానికి ఇచ్చాం. స్తంభాల గుంతలు తీసే ఆగర్‌నూ దానికే ఇచ్చాం. లోడర్ జాబితాలోంచి రెండు పనులు పోయాయి, హై ఫ్లో మాటా పోయింది. లోడర్‌కు బకెట్, ఫోర్క్ మిగిలాయి. రెండూ ఒకే క్విక్ కప్లర్‌కు (పనిముట్లను త్వరగా మార్చే బిగింపుకు) తగులుతాయి. లీవర్లు పూర్తిగా కిందికి దిగి, లాక్ పిన్నులు కింది రంధ్రాల్లోంచి బయటికి కనిపిస్తున్నాయా లేదా అని దిగి కళ్లతో చూడాలి. ఇది నేను ప్రతి సైటులో పదేపదే చెప్పే మాట.

బ్యాటరీతో నడిచే ట్రాక్ లోడర్లు కూడా వస్తున్నాయి. 2022లో బాబ్‌క్యాట్ టీ7ఎక్స్ అనే పూర్తి ఎలక్ట్రిక్ మోడల్ చూపించింది. మూడు వైపులా కిటికీలున్న ఇలాంటి చోటికి పొగ రాని మెషిన్ ఎంతో బాగుండేది. అద్దెకు దొరకలేదు. డీజిల్‌తోనే సరిపెట్టుకుని, పని లేనప్పుడు ఇంజిన్ ఆపేయాలని నియమం పెట్టాం. గంటల తరబడి ఊరికే తిరిగే ఇంజిన్‌లో పొగ ఫిల్టర్ త్వరగా మూసుకుంటుంది కూడా.

పని మొదలయ్యాక

చివరికి తీసుకున్నది ఇదీ: రేడియల్ చేతుల రబ్బరు ట్రాక్ లోడర్, 320 మిల్లీమీటర్ల ట్రాకులు, ట్రాకుల మీద వెడల్పు 1.68, బకెట్‌తో 1.73 మీటర్లు, ఎత్తు రెండు మీటర్ల లోపు, వెనక కెమెరా, మామూలు ఫ్లో. కంట్రోల్ పద్ధతి మార్చుకునే స్విచ్ కూడా అడిగి తీసుకున్నాం. ఇద్దరు ఆపరేటర్లలో ఒకరికి ఐఎస్ఓ పద్ధతి (ఎడమ చేత్తో నడపడం, కుడి చేత్తో బకెట్) అలవాటు, ఇంకొకరికి హెచ్ పద్ధతి (ఒక్కో చేత్తో ఒక్కో వైపు ట్రాకు నడపడం). ఇరుకు సందులో చేయి అలవాటు కొద్దీ ఒక లీవర్ తప్పు నొక్కితే గోడే.

తవ్వకంలోకి దిగే ర్యాంపు దగ్గర ఒక నియమం రాసి పెట్టాం: బరువున్న వైపు ఎప్పుడూ ఎత్తు వైపు ఉండాలి. ఖాళీ మెషిన్‌లో బరువు వెనక ఉంటుంది కాబట్టి ముందుకు చూస్తూ దిగాలి. నిండిన బకెట్‌తో ముందు బరువు కాబట్టి ముందుకు చూస్తూనే ఎక్కాలి. అంటే అడుగున ప్రతిసారీ మెషిన్ వెనుదిరగాలి. ఉన్నచోటే తిరిగే గుణం ఇక్కడ అక్కరకొచ్చింది. దాంతోపాటు తలనొప్పీ వచ్చింది. వాన పడ్డ మర్నాడు ఆ తిరిగే చోటు బురదగుంట అయింది. ఇరుకు ట్రాకులకు అంత బురద ఎక్కువే, 450 మిల్లీమీటర్ల ట్రాకులు అయితే తేలేవేమో, కానీ అవి వేస్తే సందులో పట్టదు. పదిహేను సెంటీమీటర్ల మందాన పెద్ద కంకర పోసి తొక్కించాం, ర్యాంపు మీద కూడా. విడత మూడు నిమిషాలు అనుకున్నది ఆ ఒకట్రెండు రోజులు బాగా పెరిగింది, కంకర పడ్డాక మళ్లీ దారికొచ్చింది.

రోజు చివర ట్రాకు ఫ్రేమ్‌లో ఇరుక్కున్న మన్ను పారతో తీయించడం తప్పనిసరి చేశాం. రాత్రికి ఎండితే అది ఇటుకలా గట్టిపడి రోలర్లను తిరగనివ్వదు, ట్రాకును బిగదీస్తుంది. ఆపరేటర్లకు ఇది నచ్చలేదు. "రేప్పొద్దున తీస్తాం సార్" అనేవాళ్లు. పొద్దున్నే గునపం కావాల్సి వస్తుందని ఒకసారి చూశాక సాయంత్రమే తీయడం మొదలుపెట్టారు.

ముంగిట్లో టైల్స్ మీద తిరగడానికి మొదట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచారు. ట్రాకు గళ్లు వాటి అంచులు నమిలేశాయి. మందమైన ప్లాస్టిక్ గ్రౌండ్ మ్యాట్లు తెప్పించి, ఒకదానితో ఒకటి బిగించి, తిరిగే చోటును రంగుతో గుర్తుపెట్టాం. గిరుక్కున కాకుండా రెండు మూడు సార్లు ముందుకు వెనక్కి వేస్తూ తిప్పాలని చెప్పాం. లోపలికి తిరిగొచ్చేటప్పుడు కూడా ముందు చూపుతోనే రావచ్చని ఇదంతా. 40 మీటర్ల సందులో రివర్స్‌లో రావడం నాకు ఇష్టం లేదు, కెమెరా ఉన్నా సరే. ఆ సందులోకి ఒక ఇంటి పక్క తలుపు తెరుచుకుంటుంది. పని గంటల్లో ఆ తలుపు వాడొద్దని ఇంటివాళ్లతో మాట్లాడుకున్నాం, సందు రెండు కొసలా మనుషుల్ని నిలబెట్టాం.

ఇక ఆలస్యం ఎక్కడ జరిగిందంటే, డబ్బాలు మార్చే ట్రక్కు దగ్గర. లోడర్ ఎన్నోసార్లు ఖాళీ డబ్బా కోసం ఆగింది. రెండు డబ్బాల బదులు మూడు పెట్టించాలని అడిగాం, ముంగిట్లో చోటు చాలలేదు. కాబట్టి ఈ సైటులో ఇంకా వేగమైన మెషిన్ తెచ్చి ఉన్నా మట్టి అంతకంటే ముందు బయటపడేది కాదు.

పునాదులు లేచి, చుట్టూ మట్టి పూడ్చి, కంకర వేసి అణిచాక నేల స్వభావమే మారిపోయింది. చదునుగా, గట్టిగా, పొడిగా ఉంది. తవ్వకం పూడటంతో సందు చివర మలుపుకు కావలసినంత చోటు కూడా వచ్చింది. ఇక మిగిలింది ఎక్కువగా ప్యాలెట్లు పంచడం, టైల్స్ మోయడం. ట్రాక్ లోడర్‌ను తిప్పి పంపేశాం. గళ్ల ఎత్తు మళ్లీ కొలిచి, మొదటి రోజు ఫోటోలతో పోల్చి చూశారు. అంచున రెండు చిన్న కోతలు తప్ప ఏమీ లేవు, లెక్క అక్కడితో తేలింది. దాని స్థానంలో మొదట పక్కన పెట్టిన ఆర్టిక్యులేటెడ్ లోడర్ వచ్చింది. పూర్తిగా మడిచినప్పుడు ఫోర్క్‌తో దాని టిప్పింగ్ లోడ్ 1,500 కిలోలు. ఎగుడుదిగుడు నేల మీద 60 శాతం లెక్కన 900 కిలోలే ఎత్తవచ్చు. ఇప్పుడున్న నేల మీద 80 శాతం, అంటే 1,200. మడిచి తిరుగుతుంది కాబట్టి టైల్స్‌ను గీకదు, మ్యాట్లు కూడా తీసేశాం. బ్లాకుల సరఫరాదారుకు మళ్లీ ఫోన్ చేసి, ఇకమీదట ఏడు వరసలే పేర్చి పంపమన్నాం.